అడగకుండా కోసిన తీగ

మోహనకృష్ణ ముప్ఫై రెండేళ్లుగా ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పెయింటరు. తాత టెక్కలి వైపు నుంచి వచ్చి ఇక్కడ ఖలాసీగా చేరాడు. తండ్రి ఫిట్టరయ్యాడు. పూరీ గేట్ దగ్గర సందులో రెండు గదుల ఇల్లు కట్టింది ఆయనే. మోహనకృష్ణ పెయింటు షాపులో కుదురుకున్నాడు. బోగీకి పుట్టీ పెట్టి, ఆరనిచ్చి, నున్నగా రుద్ది, స్ప్రే గన్‌తో రంగు కొడితే ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఒక్క చుక్క జారకూడదు, ఎక్కడా మచ్చ తేలకూడదు. ఆ పనిలో అతనికి పేరుంది. అలాంటి మనిషికి మచ్చలున్న ఆకుల మీద పిచ్చి పట్టిందంటే షాపులో వాళ్లు ఇప్పటికీ నవ్వుతారు.

ఆ పిచ్చి పట్టింది ఒక ఆఫీసరు బంగళాలో. నాలుగేళ్ల కిందట ఒక ఆదివారం వరండా గ్రిల్‌కి రంగు వేయడానికి వెళ్లాడు. కింద కుండీలో ఒక మొక్క. పచ్చటి ఆకు మీద అక్కడక్కడ తెల్లరంగు ఒలికినట్టుంది. తన బ్రష్ నుంచే కారిందేమోనని కంగారుపడి గోటితో గీకాడు. రంగు ఊడలేదు, ఆకు చిరిగింది. తెలుపు పైన లేదు, ఆకులోనే ఉంది. ఆ ఇంటావిడ చూసి కోప్పడలేదు. "పుట్టుకే అంత, మిస్త్రీ" అని హిందీలో చెప్పి నవ్వింది. ఆ రోజు పని అయ్యేదాకా అతను గ్రిల్ కంటే ఆ మొక్కనే ఎక్కువ చూశాడు. ఏ రెండు ఆకులూ ఒకలా లేవు. ఎవరూ కొలిచి వేసిన రంగు కాదది.

అక్కణ్ణుంచి మొదలు. ఫోనులో వీడియోలు చూశాడు. మొక్కల వాళ్ల గ్రూపుల్లో చేరాడు. కలకత్తా నుంచి, కేరళ నుంచి అట్టపెట్టెల్లో మొక్కలు రావడం మొదలైంది. తడి నాచులో చుట్టి, చిల్లులు పెట్టిన పెట్టెలో రెండాకుల మొక్క నాలుగు రోజులు ప్రయాణం చేసి వచ్చేది. అతను దాన్ని పసిపిల్ల బట్టలు విప్పినట్టు విప్పేవాడు. మొదట వచ్చిన వాటిని నీళ్లు ఎక్కువ పోసి చంపాడు. ఒకసారి ఆకంతా తెల్లగా, పాలలో ముంచి తీసినట్టున్న మొక్క తెప్పించాడు. నెల తిరక్కుండానే అది ఎండిపోయింది. తెల్లని భాగం తిండి వండుకోలేదని, పచ్చదనం ఉన్నంత మేరే మొక్క బతుకుతుందని అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి మరీ తెల్లగా ఉన్నవాటి జోలికి పోలేదు.

ఖరగ్‌పూర్ ఎండలకి ఈ మొక్కలు ఆగవు. మే నెలలో వడగాలి తగిలితే ఆకు అంచులు అప్పడంలా అయిపోతాయి. అందుకని ముందుగదిలోని అద్దాల షోకేసు ఖాళీ చేయించాడు. అందులోని స్టీలు గ్లాసులూ, కూతురికి బళ్లో వచ్చిన కప్పులూ మంచం కిందికి వెళ్లాయి. షోకేసులో లైటు పెట్టి, చిన్న ఫ్యాను బిగించి, అడుగున పళ్లెంలో నీళ్లు ఉంచాడు. భార్య ఉమ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"పెళ్లయిన కాణ్ణుంచి వంటింట్లో ఒక ఫ్యాను పెట్టండని నానడగలేదేటి? నాకు లేని గాలి మొక్కలకి కావాల" అంది.

కానీ అతను షిఫ్టుకి వెళ్లినప్పుడు ఆ పళ్లెంలో నీళ్లు పోసేది ఆమే.

వాళ్ల పక్కింట్లో సూసన్న ఉండేది. రైల్వే ఆసుపత్రిలో ముప్ఫై అయిదేళ్లు నర్సుగా చేసి రిటైరైంది. సందులో అందరికీ ఆవిడ సిస్టరమ్మ. మోహనకృష్ణ కూతురు పుట్టినప్పుడు ఉమ చెయ్యి పట్టుకుని కూర్చున్నది ఆవిడే. అతన్ని చిన్నప్పటి నుంచి "కిష్టా" అని పిలుస్తుంది. భర్త ఆమోసు రైలు ఇంజను డ్రైవరు, పోయి పదకొండేళ్లయింది. ఒక్కతే కూతురు ఎమిలీ విశాఖపట్నంలో బడి టీచరు.

సిస్టరమ్మ ఇంటి వరండా స్తంభాన్ని పట్టుకుని ఒక తీగ గోడ మీదికి పాకింది. ఆకులు చాటల్లా ఉంటాయి, చీలికలు చీలికలుగా. వాటి మీద తెలుపు. కొన్నిటికి చుక్కలు, కొన్నిటికి పట్టీలు. పైన ఒకటి రెండు ఆకులకైతే సగం పచ్చ, సగం తెలుపు, మధ్యలో గీత గీసినట్టు. ముప్ఫై ఏళ్ల కిందట ఆమోసు చక్రధర్‌పూర్ డ్యూటీ నుంచి వస్తూ, అక్కడ ఎవరో గార్డుగారి పెరట్లోంచి ఒక ముక్క అడిగి, టిఫిను డబ్బాలో తడిగుడ్డ చుట్టి తెచ్చాడట. సందులో వాళ్లు దాన్ని తెల్లాకు తీగ అనేవాళ్లు. అది అపురూపమైనదని ఎవరికీ తెలియదు. మోహనకృష్ణ కూడా ఇన్నేళ్లుగా దాని పక్కనుంచే నడిచాడు. ఒకరోజు ఫోనులో మాన్‌స్టెరా అనే మొక్క బొమ్మ, దాని చిన్న ముక్కకి అడుగుతున్న ధర చూసి, లేచి వెళ్లి గోడ దగ్గర నిలబడిపోయాడు.

మర్నాడే అడిగాడు.

"సిస్టరమ్మా, ఒక్క కణుపు ఇస్తారేటి? వేరు పట్టించుకుంటాను."

ఆవిడ కుర్చీలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు.

"ఏదైనా అడుగు కిష్టా, అది మాత్రం అడక్కు. ఆయన సేతిమొక్క. ఆయన పోనాక దానికి కత్తి తగల్నివ్వలేదు నాను. ఎండిన ఆకు కూడా దానంతటది రాలాల్సిందే."

అతను సరేనన్నాడు. ఇంకెప్పుడూ అడగలేదు. కానీ రోజూ పొద్దున పళ్లు తోముకుంటూ పిట్టగోడ మీంచి దాన్ని చూసేవాడు.

పోయిన సంవత్సరం జూన్‌లో సిస్టరమ్మకి రెండు కళ్లకీ శుక్లాలు తీయించడానికి ఎమిలీ విశాఖపట్నం రమ్మంది. ఒక కన్ను అయ్యాక కొన్నాళ్లు ఆగి ఇంకొకటి. మూడు నాలుగు నెలలు అక్కడే. వెళ్లేముందు ఆవిడ ఇంటి తాళాలు ఉమ చేతికిచ్చి, మొక్కలు మోహనకృష్ణకి అప్పజెప్పింది.

"నీకన్నా బాగా సూసేవోడు ఈ ఊర్లో లేడు. నాకేటి బెంగ?" అని ఆటో ఎక్కింది.

రెండు వారాలు అతను నీళ్లు పోశాడు. ఆకులు తుడిచాడు. అంతే చేశాడు. మూడో వారం రథయాత్ర. ఉమ గోల్‌బజార్ వెళ్లింది. సందంతా రథం చూడ్డానికి పోయింది. సన్నగా వాన పడుతోంది. అతను గోడకి నిచ్చెన వేసి, పైన ఎండిన ఆకులేమైనా ఉన్నాయేమో చూద్దామని ఎక్కాడు. తీగ చివర కొత్తాకు విచ్చుకుని ఉంది. సగం తెలుపు. కణుపు దగ్గర వేలెడు గాలివేరు బయటికొచ్చింది. ఇలాంటి ముక్క నాచులో పెడితే వారం రోజుల్లో వేరు పడుతుంది. ఆవిడ కళ్లు సరిగ్గా కనిపించవు, అంత పైన ఒక ముక్క పోతే ఎలా తెలుస్తుంది? మొక్కకి కూడా మంచిదే, కోస్తే పక్కనుంచి రెండు చిగుళ్లు వేస్తుంది. ఇవన్నీ అతను నిచ్చెన మీద నిలబడి తనకి తాను చెప్పుకున్నాడు. జేబులో బ్లేడు కత్తి ఉంది. అది ఉన్నదని నిచ్చెన ఎక్కకముందే తెలుసు.

తన మొక్కలు కోసేటప్పుడు అతను కత్తిని ప్రతిసారీ స్పిరిట్‌తో తుడిచేవాడు. ఆ రోజు తుడవలేదు. ఎవరైనా వస్తారేమోనన్న భయంలో చెయ్యి గబగబా కదిలింది. రెండాకుల ముక్క కోసి చొక్కాలో పెట్టుకుని దిగాడు. కోసిన చోట మందు రాయలేదు. వాన పడుతూనే ఉంది.

పది రోజుల తర్వాత తీగ కోసిన చోట నల్లబడింది. అతను చూసి కొంచెం కిందికి కోశాడు, ఈసారి కత్తి కాల్చి, బూజుమందు పూసి. కుళ్లు ఆగలేదు. లోపల్లోపలే దిగుతోంది. ఆకు కాడ ముట్టుకుంటే ఊడి చేతిలోకి వచ్చేది, చేపల బుట్ట వాసన వేసేది. ఆ ఏడు వాన కూడా ఆగలేదు. అతను మళ్లీ కోశాడు. ప్లాస్టిక్ పట్టా కట్టాడు. కుళ్లుకి మందని ఎవరో చెబితే దాల్చినచెక్క పొడి అద్దాడు. వర్క్‌షాపు నుంచి వచ్చీరాగానే బూట్లైనా విప్పకుండా గోడ దగ్గరికి పరిగెత్తేవాడు. ఆగస్టు ముగిసేసరికి నిలువెత్తు గోడ పట్టిన తీగలో జానెడు మోడు మిగిలింది. దాని పక్కనుంచి ఒక చిన్న చిగురు వచ్చింది. అది పూర్తిగా పచ్చగా ఉంది. తెలుపు జాడ లేదు.

గోడ మీద ముప్ఫై ఏళ్ల వేళ్ల గుర్తులు మాత్రం అలాగే ఉన్నాయి, గోధుమరంగు గీతల్లా.

ప్రతి ఆదివారం సిస్టరమ్మ ఫోను చేసేది. తన కన్ను గురించి, ఎమిలీ వంట గురించి చెప్పి, చివర్న అడిగేది.

"మన తెల్లాకు ఎలాగున్నాది?"

"బాగున్నాదమ్మా."

"ఈ కళ్లు బాగయ్యాక దాన్ని శుభ్రంగా సూడాల. మబ్బుగానే సూస్తన్నాను అయిదేళ్ల నుంచి."

ఉమ పక్కనే కూర్చుని వినేది. ఆమెకి మొదటి వారమే తెలిసింది. షోకేసులో కొత్తగా చేరిన మొక్క ఎక్కడిదో గుర్తుపట్టడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. ఫోను పెట్టేశాక ఒక్కటే అంది.

"నా కూతురు పుట్టినప్పుడు ఆవిడ రెండు షిఫ్టులు ఇంటికెల్లలేదు. మీకు గుర్తు లేదేటి?"

అతనికి గుర్తుంది.

సిస్టరమ్మ సెప్టెంబరు చివర్లో వచ్చింది. నల్లద్దాలు తీసి, కొత్త కళ్లతో సందంతా చూసుకుంటూ, ఎవరింటి గోడకి ఏ రంగుందో పేరుపేరునా చెబుతూ నడిచింది. వరండా మెట్టెక్కి గోడ వైపు తిరిగింది. అక్కడే ఆగిపోయింది.

"ఏటయ్యింది కిష్టా?"

"వానలమ్మా. ఈ ఏడు వానలు మరీ... కుళ్లు పట్టినాది. ఎంత సేసినా ఆగలేదు."

ప్రతి మాటా నిజమే. అందుకే సులువుగా నోటికొచ్చింది.

ఆవిడ వంగి మోడుని ముట్టుకుంది. తర్వాత తనలో తాను అనుకుంటున్నట్టుగా అంది. "ఎల్లేముందు నానే పచ్చిపేడ ఏసినాను దీని మొదట్లో. బలంగా ఉంటాదని. ఆయనెప్పుడూ సెప్పీవోడు, పచ్చిపేడ ఏడి సేస్తాది, ఎండబెట్టి ఎయ్యాలని. తొందరలో మర్సిపోనాను." అతని వైపు తిరిగింది. "అదేనంటావా?"

కాదనడానికి ఒక్క మాట చాలు. మోహనకృష్ణ నేల చూశాడు.

"అది గాని అయ్యుంటాది" అన్నాడు.

"నువ్వు బాధపడకు. నువ్వు సేసినంతా సేసినావు" అని ఆవిడ అతని భుజం తట్టింది.

ఆ తట్టిన చోట తర్వాత చాలా రోజులు బరువుగా ఉండేదని అతను ఉమతో చెప్పాడు. ఆమె జాలిపడలేదు.

షోకేసులో ముక్క వేళ్లు పట్టి, కుండీలోకి మారి, అక్టోబరు మొదట్లో కొత్తాకు తీసింది. చుట్టగా వచ్చి మూడు రోజుల్లో విచ్చుకుంది. సరిగ్గా సగానికి సగం. ఒక్క మచ్చ అటుది ఇటు పడలేదు. ఇన్నేళ్లుగా ఏ ఆకు కోసం ఎదురుచూశాడో ఆ ఆకు అదే. అతను దాని ముందు కూర్చుని సంతోషం కోసం చూసుకున్నాడు. రాలేదు. అయినా అలవాటు కొద్దీ ఫొటో తీసి ఊళ్లో మొక్కల వాళ్ల గ్రూపులో పెట్టాడు. అరవై మంది మెచ్చుకున్నారు. ఎక్కడిదని అడిగితే కలకత్తా నర్సరీ అని రాశాడు.

ఆ గ్రూపు నడిపేది ప్రణతి అనే అమ్మాయి. ఇక్కడి పెద్ద ఇంజినీరింగు సంస్థలో ఉద్యోగం, సొంతూరు తెనాలి. మొక్క చూస్తానని ఆ శనివారం స్కూటీ మీద వచ్చింది. వెతుక్కుంటూ పొరపాటున ముందు సిస్టరమ్మ గేటు దగ్గర ఆగింది. తెలుగు వినపడేసరికి సిస్టరమ్మ ఆ పిల్లని లోపలికి పిలిచింది. మోహనకృష్ణ బయటికొచ్చేసరికి తెల్లాకు తీగ సంగతంతా విని, ఆ పిల్ల ఆవిడతో మోడు దగ్గర ఉంది.

"పేడ వల్లయితే వేరు నుంచి పైకి రావాలండీ కుళ్లు" అంటోంది ప్రణతి మోకాళ్ల మీద కూర్చుని. "వేర్లు చూడండి, గట్టిగా ఉన్నాయి. ఇది పైనుంచి కిందికి దిగింది. పైన ఎవరైనా..."

అని తలెత్తింది. పిట్టగోడకి అటు మోహనకృష్ణ నిలబడి ఉన్నాడు. ఆ అమ్మాయి గోడ మీది వేళ్ల గుర్తులు చూసింది, అతన్ని చూసింది. మాట మధ్యలోనే ఆపేసింది.

"పైన ఎవరైనా ఏటమ్మా?" అంది సిస్టరమ్మ.

"ఏం లేదండీ. పైన ఏదైనా పురుగు కొట్టి ఉండొచ్చు" అంది ప్రణతి.

తర్వాత మోహనకృష్ణ ఇంటికొచ్చి షోకేసు ముందు నిలబడింది. బాగుందని కూడా అనలేదు. వెళ్తూ గుమ్మంలో చెప్పులేసుకుంటూ మెల్లగా అంది. "అంకుల్, ఆ ఫొటో గ్రూపులోంచి తీసేయండి. నేనెవరికీ చెప్పను. కానీ తీసేయండి."

తన కూతురి కంటే చిన్న పిల్ల. ఆ పిల్ల తన కోసం ముసలావిడతో అబద్ధమాడింది. అతను ఫొటో తీసేశాడు. ఆ రాత్రి అన్నం సగంలో లేచిపోయాడు.

మర్నాడు అతనికొక ఆలోచన వచ్చింది. మొక్క తిరిగి ఇచ్చేస్తే సరి. ఇవ్వడానికి నిజం చెప్పాలని లేదు కదా. కుండీకి మంచి రంగు వేశాడు. మొక్కని అందులోకి మార్చి, రెండు చేతులా పట్టుకుని వెళ్లి సిస్టరమ్మ వరండాలో పెట్టాడు.

"మీకోసం తెప్పించినానమ్మా. కలకత్తా నుంచి. అదే జాతి."

సిస్టరమ్మ కొత్త కళ్లలోంచి నీళ్లు బొటబొటా రాలాయి. ఆకు అంచు వేళ్లతో తడిమింది. "అచ్చం ఆయన మొక్కలాగే ఉన్నాది. ఎంత పెట్టి కొన్నావో! నా కడుపున పుట్టినోళ్లు కూడా ఇలాటిది సెయ్యరు" అంది. అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. చెయ్యి తీసేదాకా అతను కదలకుండా నిలబడాల్సి వచ్చింది.

ఆ ఆదివారం తెలుగు చర్చిలో ఆవిడ లేచి నిలబడి, పొరుగువాడు మోహనకృష్ణ కోసం కృతజ్ఞత చెప్పింది. సాయంత్రానికి వార్త సందంతా పాకింది. పాలవాడు మెచ్చుకున్నాడు. వర్క్‌షాపులో జగ్గారావు భుజం చరిచి "పక్కింటి ముసిలమ్మకి అంత ఖరీదు మొక్క కొన్నావట! గొప్పోడివిరా" అన్నాడు. సిస్టరమ్మ కేకు చేసి పంపింది. మోహనకృష్ణ ఆ పళ్లెం ముట్టుకోలేదు. ఉమ కూడా ముట్టుకోలేదు.

"దొంగతనం సేసినారు. సరే. ఇప్పుడు దానికి దణ్ణాలు కూడా పెట్టించుకుంటున్నారు" అంది. "నాను సెప్పీగలను ఆవిడికి. సెప్పను. అది మీ నోటంటే రావాల."

నవంబరు రెండున సమాధుల పండుగ. దానికి ముందురోజు సిస్టరమ్మ ఉమతో కబురు పెట్టింది. ఆమోసు సమాధి మీద అక్షరాలు మాసిపోయాయి, పాత కళ్లకి తెలియలేదు, ఇప్పుడు కనిపిస్తున్నాయి. కిష్టా వచ్చి కాస్త రంగు దిద్దుతాడా అని.

పెయింటరు కాదనలేడు. నల్లరంగు డబ్బా, సన్న బ్రష్ తీసుకుని ఆవిడతో ఆటోలో వెళ్లాడు. స్మశానంలో అప్పటికే జనం గడ్డి పీకుతున్నారు, సున్నాలు వేస్తున్నారు. పిల్లలు బంతిపూల బుట్టలు మోస్తున్నారు. ఆమోసు సమాధి గోడవార ఉంది. మోహనకృష్ణ రాయి తుడిచి, గొంతుక్కూర్చుని అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాడు. పేరు అయింది. "ఇంజను డ్రైవరు" అనే మాట అయింది. పుట్టిన సంవత్సరం దగ్గరికి వచ్చేసరికి వెనక నుంచి సిస్టరమ్మ గొంతు వినిపించింది. అతనితో కాదు. రాతితో.

"ఇగో, కిష్టా వచ్చినాడు. అక్షరాలు దిద్దుతన్నాడు. కొత్త మొక్క కూడా ఇచ్చినాడని సెప్పినాను కదా. ఇంకా నా మీద కోపం పోలేదేటి నీకు? ఎన్నిసార్లు సెప్పించుకుంటావు? తొందరలో పచ్చిపేడ ఏసీసినాను. తప్పు నాదే. ముప్ఫై ఏళ్ల మొక్కని నా సేతుల్తో సంపుకున్నాను. నీకు మొకం ఎలా సూపించాలో తెలీక వచ్చినప్పుడల్లా..."

బ్రష్ ఆగిపోయింది. ఊరొచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఆదివారం చర్చి అయ్యాక ఆవిడ ఇక్కడికి వస్తున్నదని అతనికి తెలుసు. ఎందుకు వస్తున్నదో తెలియదు. ఐదు ఆదివారాలు ఈ మనిషి ఇక్కడ నిలబడి, అతను చేసిన తప్పుకి తాను క్షమాపణ అడుక్కుంది.

"పేడ వల్ల కాదమ్మా" అన్నాడు. వెనక్కి తిరగలేదు. తిరిగితే చెప్పలేడు. "నేను కోసినాను. రథయాత్ర రోజున. మీరు వద్దన్నారని తెలిసే కోసినాను. కత్తి తుడవలేదు. దానివల్ల కుళ్లినాది. ఇప్పుడు మీ వరండాలో ఉన్నది కలకత్తాది కాదు. దాని ముక్కే."

అతను తిరిగి చూశాడు. సిస్టరమ్మ అలాగే నిలబడి ఉంది. కోపంగా లేదు. ముఖం మాత్రం ఒక్కసారిగా బాగా ముసలిదైపోయింది.

"పేడేనంటావా అని నిన్నడిగినాను" అంది.

"అడిగినారు."

"అదే అయ్యుంటాదన్నావు."

అతను బ్రష్‌ని డబ్బా మూత మీద పెట్టాడు.

"మొక్క పోతే పోనాది. మొక్కలు పోతాయి. నలభయ్యేళ్ల కాపరంలో ఆయన నన్నొక్క మాట అన్లేదు. ఆయన పోనాక నాను ఆయన కాడ దోషిలా నిలబడ్డాను. నిద్ర పట్టక నాను ఏడుస్తంటే నీ గోడకి ఇనపడలేదా?" ఆవిడ చీర చెంగుతో కళ్లు తుడుచుకుంది. "నాకు సెప్పినావు. సరే. ఆయనకి కూడా సెప్పు. తప్పు నాదని సెప్పి ఉన్నాను కదా, అది కాదని నువ్వే సెప్పాల."

"ఇక్కడా?"

"ఇక్కడే. గట్టిగా."

పక్క సమాధి దగ్గర ఎవరో పూలు సర్దుతున్నారు. మోహనకృష్ణ లేచి నిలబడ్డాడు. చెప్పులు విప్పాడు. ఆ రాతిని ఏమని పిలవాలో తెలియలేదు. చిన్నప్పుడు తనని ఇంజను ఎక్కించి కూత వేయించిన మనిషిని పిలిచినట్టే పిలిచాడు.

"మావా, తప్పు సిస్టరమ్మది కాదు. నాది. అడక్కుండా కోసినాను. కోసినానని సెప్పకుండా ఆవిడ మీద పెట్టినాను."

పూలు సర్దుతున్నవాళ్లు తలెత్తి చూసి మళ్లీ దించుకున్నారు. చెబితే గుండె తేలికవుతుందని అతను అనుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు. మిగిలిన అక్షరాలు దిద్దాడు. చివరి అంకె కొంచెం వంకర పోయింది. గుడ్డతో తుడిచి మళ్లీ రాశాడు. సిస్టరమ్మ అప్పటికే కొవ్వొత్తులు వెలిగించి, అతని కోసం చూడకుండా గేటు వైపు నడిచింది.

ఇంటికొచ్చి ఉమకి అంతా చెప్పాడు. ఆమె విని, చాలా నెలల తర్వాత అతని కంచం పక్కన తన కంచం పెట్టుకుంది. సందులో వాళ్లకి కూడా అతనే చెప్పాడు, ఒక్కొక్కరికి, అడిగినా అడక్కపోయినా. జగ్గారావు "పోనీలేరా, ఒక కొమ్మకి ఇంత రాద్ధాంతమా" అన్నాడు. ప్రణతికి ఫోను చేసి చెబితే, "మంచిపని చేశారు అంకుల్" అని ఊరుకుంది. షోకేసులోని మిగిలిన మొక్కల్లో కొన్ని ఆ అమ్మాయికి ఇచ్చేశాడు. కొన్ని ఉంచుకున్నాడు. కొత్తవి తెప్పించడం మాత్రం మానేశాడు. మానాలని ఒట్టు వేసుకోలేదు, పెట్టె విప్పాలంటే ఇదివరకటిలా చెయ్యి ఆడలేదు.

సిస్టరమ్మ మొక్కని వెనక్కి ఇవ్వలేదు. కుండీలోంచి తీయించి స్తంభం మొదట్లో నాటించుకుంది, పచ్చ చిగురు వేసిన పాత మోడు పక్కనే. మోహనకృష్ణతో మాటలు ఆపలేదు. ఎదురుపడితే డ్యూటీ గురించి అడుగుతుంది, కూతురు ఫోను చేసిందా అంటుంది. పేరు పెట్టి పిలవడం మాత్రం తగ్గింది.

జనవరిలో ఒక ఆదివారం కొత్త తీగ వాలిపోతోందని, కర్ర కట్టాలని, తన వేళ్లకి ముడి పడటం లేదని ఉమతో చెప్పి పంపింది. అతను వెదురుబద్దా, నార తాడూ తీసుకుని వెళ్లాడు. కత్తి మాత్రం తీసుకెళ్లలేదు. తాడు తెంపడానికి పళ్లే వాడాడు. సిస్టరమ్మ కుర్చీ తెచ్చి తీగకి రెండడుగుల దూరంలో వేసుకుని కూర్చుంది. కాండాన్ని బద్దకి ఆనించి, బిగుతు కాకుండా, మధ్యలో వేలు దూరేంత సందు వదిలి అతను ముడి వేశాడు. ఒకటి, రెండు, మూడు చోట్ల. అంతసేపూ ఆవిడ కళ్లు అతని చేతుల మీదే ఉన్నాయి. బయట ఎవరో పిలిచినా లేవలేదు.

"అయిపోనాదమ్మా" అన్నాడు.

ఆవిడ లేచి మూడు ముడులూ ఒక్కొక్కటీ ముట్టుకుని చూసింది.

"పైన ఇంకోటి కట్టు" అంది.

అతను నాలుగోది కట్టాడు.